చిన్న తరగతుల వాళ్లకు వాక్యం నేర్పడం ఎలా?



ఈ సంచికకు కథ గానీ పొడుపుకథలు గానీ రాయమని సంపాదకవర్గం వాళ్లు అడిగారు. నాకు కథలు రావు. జూలై నుంచి సాయంత్రం స్టడీ అవర్లో కొత్తగా చేరిన ఎనిమిది మంది చిన్నపిల్లలకు తెలుగు చెప్పే పని నాకు అప్పగించారు కదా, ఆ పనిలో నాకు తెలిసిన సంగతులు రాస్తాను. వచ్చే ఏడాది ఈ పని మీలో ఎవరో ఒకరు చెయ్యాలి. అప్పుడు పనికొస్తుంది.

మొదటి వారంలో జరిగింది ముందు చెప్తాను. ఒక చెల్లి ఉంది. పేరు రాయను, సిగ్గుపడుతుంది. వాళ్ల ఊరు టైడా స్టేషనులో దిగి కొండెక్కితే చాలా దూరం. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. రాత్రి భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుంది. వంటామె అన్నం గరిటె పట్టుకుని వచ్చేసరికి ఈ పిల్ల "కడుపు" అంది. వంటామె "ఆకలేటమ్మా?" అని ఒక గరిటె ఎక్కువ వేసింది. పిల్ల కంగారుగా "అన్నం" అంది. ఇంకో గరిటె వేసింది. కంచంలో వదలకూడదని రూలు కదా, ఆ పిల్ల ఏడుపు మొహంతో అంతా తినేసింది. అర్ధరాత్రి వాంతులు. నేనూ మేట్రన్ గారూ దానికి తెల్లవార్లూ నీళ్లు పట్టాము. పొద్దున్నే నర్సమ్మ వచ్చి చూస్తే సాయంత్రం నుంచీ కడుపునొప్పి ఉందట.

తప్పు వంటామెది కాదు, ప్రేమగానే వేసింది. పిల్లకు మాటలు రావా అంటే వచ్చు. మర్నాడు దాని నోటుబుక్కు తీసి లెక్కపెట్టాను. అరవై రెండు మాటలు రాసుకుంది. శరీర భాగాలు, జంతువులు, కాయగూరలు, రంగులు. మన స్టడీ హాల్లో గోడకున్న చార్టుల్లోవే అన్నీ. అందులో "ముక్కు" ఉంది, "ఒంటె" కూడా ఉంది (టైడాలో ఒంటె ఎక్కడుందో!). కానీ "వద్దు" లేదు. "నొప్పి" లేదు. అరవై రెండింట్లో ఒక్క క్రియ లేదు.

ఆ రోజు నుంచి నేను చార్టులు పక్కన పెట్టేశాను.

మిత్రులారా, తెలుగు వాక్యానికి ప్రాణం క్రియలో ఉంది. "తిన్నాను" అని ఒక్క మాట అనండి. ఎవరు తిన్నారు? నేను. ఎప్పుడు? అయిపోయింది. ఏం పని? తినడం. మూడూ తెలిసిపోయాయి. అదే వాక్యం. "అన్నం" అని వంద సార్లు అన్నా వాక్యం అవ్వదు, కావాలో వద్దో తెలియదు. అందుకని మొదలు పేర్లతో కాకుండా క్రియలతో పెట్టాలి.

అయితే క్రియల్లో కూడా ఏవి ముందు అనేది ఉంది. నేను మొదట రా, వెళ్లు, తిను అని మొదలుపెట్టి వారం రోజులు కష్టపడ్డాను. పిల్లలు "నేను వచ్చాడు", "అమ్మ తిన్నాను" అని కలిపేస్తున్నారు. అప్పుడు తట్టింది. తెలుగులో కొన్ని మాటలు ఎవరితో చెప్పినా మారవు. కావాలి, వద్దు, తెలుసు, వెళ్లాలి, రాలేదు. చూడండి: నేను రాలేదు, నువ్వు రాలేదు, అన్నయ్య రాలేదు, అక్క రాలేదు, మేము రాలేదు, ఆవులు రాలేదు. ఒక్క అక్షరం మారలేదు. భయపడే పిల్లకు ఇంతకన్నా మంచి మొదలు లేదు. నాలుగు రోజుల్లో "నీళ్లు కావాలి", "అన్నం వద్దు", "పెన్సిలు లేదు", "బయటికి వెళ్లాలి" అనడం వచ్చేసింది. హాస్టల్లో బతకడానికి కావలసిన వాక్యాల్లో సగం ఇవే కదా.

ఇక్కడే "నాకు" నేర్పెయ్యాలి. మనం చేసే పనికి "నేను": నేను తిన్నాను, నేను రాశాను. మనకు కలిగేదానికి, మన ఒంటికీ మనసుకీ వచ్చేదానికి "నాకు": నాకు ఆకలి, నాకు జ్వరం, నాకు కడుపునొప్పి, నాకు తెలుసు, నాకు భయం. పిల్లలు "నేను ఆకలి" అంటారు. నేను ఏం చేశానంటే, చేసే పనులైతే చేతులు ముందుకు చాపమన్నాను, కలిగేవైతే చెయ్యి గుండె మీద పెట్టుకోమన్నాను. "జ్వరం" అనగానే ఎనిమిది చేతులూ గుండె మీదికి పోయేవి. ఒక పిల్ల "పరీక్ష" అన్నప్పుడు కూడా గుండె మీద పెట్టుకుంది. తప్పనలేకపోయాను.

తరవాత తోకలు. నా వరకు తెలుగులో అసలైన కష్టం ఇదే, కానీ దీనిలో ఒక అందం కూడా ఉంది. ఈ వరస పైకి చదవండి:

నేను వచ్చాను. మేము వచ్చాము. నువ్వు వచ్చావు. మీరు వచ్చారు. వాడు వచ్చాడు. వారు వచ్చారు. అది వచ్చింది. అవి వచ్చాయి.

ముందు మాట చివర ఏ శబ్దం ఉందో క్రియ చివర ఇంచుమించు అదే శబ్దం. నేను, ను. మేము, ము. వాడు, డు. అది, ది. తల ఏదో తోక అదే. పిల్లల్ని రెండు జట్లు చేసి ఒక జట్టు "మేము!" అని అరిస్తే రెండో జట్టు "వచ్చాము! తిన్నాము! ఆడాము!" అని అరవాలి. ఈ ఆట రోజూ పది నిమిషాలు ఆడించాను. అరుపులకు పక్క గదిలో చదువుకునే పదో తరగతి వాళ్లు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. వాళ్లకు ఈ పత్రిక ద్వారా క్షమాపణ.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నేను ఈ బడికి రాకముందు వేరే చోట చదివాను. మా ఇంట్లో అమ్మమ్మ కొండ భాష మాట్లాడుతుంది, మా వాళ్లు కూబి అంటారు. ఒక ఆదివారం నన్ను చూడ్డానికి మా అమ్మ, పిన్ని వచ్చారు. నేను పరుగున క్లాసులోకి వెళ్లి "మా అమ్మ, పిన్ని వచ్చాయి" అన్నాను. క్లాసంతా నవ్వు. "ఏటే, గేదెలా వచ్చాయి?" అని ఎవరో అన్నారు. పాఠం చెప్పేవాళ్లు కూడా నవ్వారు. గుమ్మం బయట మా అమ్మ నిలబడి ఉంది. ఆ తరవాత అర్ధసంవత్సరం పరీక్షల దాకా నేను తెలుగు క్లాసులో నోరు విప్పలేదు.

నాలుగేళ్ల తరవాత ఇక్కడ మన తెలుగు టీచరు గారు చెప్తే నాకు అసలు సంగతి తెలిసింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారని (1928–2012) పెద్ద భాషా శాస్త్రవేత్త, కొండ భాష మాట్లాడే మన వాళ్ల దగ్గర విని, రాసుకుని, 1969లో ఆ భాష వ్యాకరణం మీద పుస్తకం వేశారు. కొండ భాషలో మగవాళ్లు ఒక వర్గం, మిగతావన్నీ ఇంకో వర్గం. ఒక్కరున్నా అంతే, పదిమంది ఉన్నా అంతే. పదిమంది ఆడవాళ్లు వస్తే మా భాషలో "అవి" అనే వర్గంలోనే చెప్తారు. కువి భాషలోనూ ఇదే పద్ధతి, గోండిలోనూ ఇదే. అంటే నేను "వచ్చాయి" అన్నది తెలివితక్కువ కాదు. మా అమ్మమ్మ భాషలో సరిగ్గా ఉన్న వ్యాకరణాన్ని తెలుగులోకి తెచ్చాను, అంతే.

ఇంకా తమాషా ఏమిటంటే, తెలుగు కూడా ఒక్కరి దగ్గర ఇదే పని చేస్తుంది! "ఆవు వచ్చింది." "అమ్మ వచ్చింది." క్రియ రెండింటికీ ఒకటే. ఇక్కడ ఎవరూ నవ్వరేం? పదిమంది అయితేనే తెలుగు ఆడవాళ్లని మగవాళ్ల పక్కన కూర్చోబెట్టి "వచ్చారు" అంటుంది. కొండ భాష అక్కడ కూడా కూర్చోబెట్టదు. రెండు భాషలూ గీత గీశాయి, గీత గీసిన చోటు వేరు. ఇది తెలిసిన రోజు నాకు ఎంత తేలికైందో చెప్పలేను. ఆదివారం ఇంటికెళ్లి అమ్మకు కూడా చెప్పాను. అమ్మ "సరేలే, గేదెలే పాలిస్తాయి" అని నవ్వింది.

అందుకే చిన్నపిల్లల తప్పు వినగానే దిద్దకుండా, ఇంట్లో ఏ భాషో ముందు అడగండి. ఒడియా ఇళ్ల పిల్లలు "అన్నయ్య వచ్చింది, అక్క వచ్చాడు" అంటారు. ఎందుకంటే ఒడియాలో అతను వచ్చినా ఆమె వచ్చినా క్రియ ఒకటే, ఆడా మగా తేడా చూపదు. అతనికీ ఆమెకీ "సె" అనే ఒకే మాట. మరి వాళ్లకు డు, ది అనే రెండు తోకలు ఎందుకో ఎలా తెలుస్తుంది? కొండ, కువి ఇళ్ల పిల్లలు ఒక్కరి దగ్గర తప్పు చెయ్యరు, పదిమంది ఆడవాళ్ల దగ్గర చేస్తారు. ఒడియా ఇళ్ల పిల్లలు ఒక్కరి దగ్గరే చేస్తారు. తప్పు రెండు రకాలు, మందూ రెండు రకాలు. ఇద్దరికీ కలిపి ఒకే పాఠం చెప్తే సగం మందికి దండగ. నేను జట్లను ఇలా విడదీశాక రెండు వారాల్లో తేడా కనిపించింది.

ఇంకోటి. మా ఇళ్లలో అమ్మమ్మనీ, మామనీ "నువ్వు" అనే అంటాం. అందులో అమర్యాద లేదు. పిల్లలు మేడమ్ గారిని "నువ్వు రా" అంటే కోపం తెచ్చుకోవద్దని మనవి. "మీరు, రండి" అనేది కూడా ఒక తోకే, తోకల ఆటలోనే వచ్చేస్తుంది.

తోకలు కుదిరాక వాక్యాన్ని పెంచడం. ఇది అన్నిటికన్నా సులువు, పిల్లలకు ఇష్టం కూడా. క్రియను కదపకుండా చివర ఉంచి, ప్రశ్న వేసి, జవాబును దాని ముందు పెట్టించాలి.

వెళ్లాను. ఎక్కడికి? సంతకు వెళ్లాను. ఎవరితో? అమ్మతో సంతకు వెళ్లాను. ఎప్పుడు? శుక్రవారం అమ్మతో సంతకు వెళ్లాను. ఎందుకు? చింతపండు అమ్మడానికి శుక్రవారం అమ్మతో సంతకు వెళ్లాను.

పాత క్యాలెండర్ల వెనక వైపు చీటీలుగా కత్తిరించి ఒక్కో మాట రాశాను. క్రియ చీటీ పట్టుకున్న పిల్ల గోడకు ఆనుకుని నిలబడుతుంది, కదలకూడదు. మిగతావాళ్లు ప్రశ్న వినగానే వచ్చి దాని ముందు వరసలో నిలబడతారు. ఇంతకీ గమనించండి, చీటీ మీద "సంత" అని రాయకూడదు, "సంతకు" అనే రాయాలి. కు, తో, లో, నుంచి, ను... ఇవి విడిగా నేర్పితే రావు, మాటకు అతుక్కునే రావాలి. బుర్రలో కూడా అలాగే అతుక్కుని ఉండాలి.

ఒక రోజు ఇద్దరు పిల్లలు చీటీలతో చోటు మార్చుకుని అల్లరి చేశారు. "పాము కప్పను మింగింది" అనేది "కప్పను పాము మింగింది" అయ్యింది. చూస్తే అర్థం మారలేదు! పాము పామే, కప్ప కప్పే. ఎందుకు? "ను" కప్పను వదల్లేదు కాబట్టి. ఎక్కడ నిలబడ్డా మింగబడేది తనే. అప్పుడు నేను "ను" చీటీని కత్తెరతో కోసి పాముకు అంటించాను. "కప్ప పామును మింగింది." అరగంట నవ్వు. ఆ రోజు తరవాత "ను" ఎవరూ మర్చిపోలేదు.

తరవాత మెట్టు కలపడం. పిల్లలు "లేచాను. మరి మొహం కడిగాను. మరి టిఫిను తిన్నాను. మరి బడికి వచ్చాను" అంటారు. "మరి" తీసేసి, చివరి క్రియకు మాత్రం తోక ఉంచి, ముందువాటి తోకలు కోసెయ్యమన్నాను. "లేచి, మొహం కడిగి, టిఫిను తిని, బడికి వచ్చాను." ఒక్క తోకతో నాలుగు పనులు. తోకలంటే విసుగెత్తినవాళ్లకు ఇది పండగ. కానీ ఒక్క హెచ్చరిక, అన్ని పనులూ చేసింది ఒక్కరే అయితేనే ఇలా కలపాలి. "అమ్మ వచ్చి నేను ఏడ్చాను" అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ "అమ్మ వస్తే నేను ఏడ్చాను" అనాలి.

ఇంగ్లీషు గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి కొంచెం రాస్తాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు కూడా "ఐ మార్కెట్ గో" అంటున్నారు. అది తెలుగు వరస. స్టేషను దగ్గర కిరండూల్ ప్యాసింజరు మనం రోజూ చూసేదే. తెలుగు వాక్యానికి ఇంజను చివర ఉండి తోస్తుంది, ఇంగ్లీషు వాక్యానికి ఇంజను ముందువైపు ఉండి లాగుతుంది అనుకోండి. అంకెలు వేస్తే బాగా తెలుస్తుంది.

ఐ (1) వెంట్ (2) టు ది మార్కెట్ (3) విత్ మై మదర్ (4) ఆన్ ఫ్రైడే (5).

నేను (1) శుక్రవారం (5) అమ్మతో (4) సంతకు (3) వెళ్లాను (2).

ఒకటో నంబరును వదిలేస్తే మిగతా అంతా తిరగబడింది! మాట లోపల కూడా అంతే. మనకు "అమ్మ-తో", వాళ్లకు "విత్-మదర్". మనకు వెనక వచ్చేది వాళ్లకు ముందు వస్తుంది. ఇంకా, ఇంగ్లీషులో "ను" లాంటి చీటీ లేదు. పాము, కప్ప చోటు మారితే నిజంగానే కప్ప పామును మింగేస్తుంది. అందుకే ఇంగ్లీషుకి వరస అంత ముఖ్యం, తెలుగుకి తోకలు అంత ముఖ్యం. "ఇది పుస్తకం" అన్నచోట తెలుగులో క్రియే అక్కర్లేదు, ఇంగ్లీషులో "ఈజ్" లేకపోతే కుదరదు. మనవాళ్లు "దిస్ బుక్" అని ఆగిపోవడం అందుకే.

గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా చేస్తాం. ఉపన్యాసాల్లో అందరూ వాడుక భాష గురించే చెప్తారు. నాకు మాత్రం ఆయన సవర నేర్చుకున్న సంగతి ఎక్కువ ఇష్టం. పర్లాకిమిడిలో టీచరుగా ఉండగా, సవరల మాట అర్థం చేసుకోవాలని, ఆ భాష వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, వాళ్ల కోసం బడి పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. అంటే పెద్ద పంతులు గారు కూడా కొన్నాళ్లు మన చిన్నపిల్లల్లాగే తప్పు వాక్యాలు మాట్లాడే ఉంటారు కదా. అప్పుడు సవరలు నవ్వారో లేదో గానీ, నేర్పారు.

2004లో మన రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అని ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు చదువు మొదలుపెట్టారు. ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకెళ్లడం దాని పద్ధతి. తెలుగు లిపిలోనే పుస్తకాలు వేశారు. మనం స్టడీ అవర్లో చెయ్యగలిగింది అంత పెద్దది కాదు. నేను చేసేదల్లా ఒకటే. ప్రతి కొత్త వాక్యానికీ "మీ ఇంట్లో దీన్ని ఎలా అంటారు?" అని అడిగి, ఆ పిల్ల చెప్పింది బోర్డు మీద తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన తెలుగు వాక్యం రాస్తాను. క్రియ ఎక్కడుందో ఇద్దరం వెతుకుతాం. కొండ, కువి, ఒడియా, అన్నిట్లోనూ చివరే దొరుకుతుంది. అది చూసి పిల్లలు "అక్కా, ఇదీ అదే!" అంటారు. నేను కూడా ఈ వంకన ఆదివాసీ ఒడియా ఇరవై వాక్యాలు నేర్చుకున్నాను. నా ఒడియా విని ఆ చెల్లి నవ్వుతుంది. నవ్వనీ.

మొన్న బుధవారం రాత్రి భోజనాల దగ్గర మళ్లీ దాని పక్కనే కూర్చున్నాను. వంటామె గరిటె ఎత్తింది. చెల్లి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాకు కడుపు బాగానే ఉంది గానీ ఇంక చాలు, పప్పు మాత్రం కొంచెం వెయ్యండి" అంది. "వెయ్యండి" అంది, "వెయ్యి" అనలేదు. వంటామె నా వైపు చూసి పప్పు రెండు గరిటెలు వేసింది.

చీటీల డబ్బా స్టడీ హాల్లో కిటికీ కింద ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, వాడాక లెక్కపెట్టి పెట్టండి. మొత్తం నూట నలభై చీటీలు. "ను" చీటీలు ఆరు పోయాయి, దొరికినవాళ్లు తెచ్చి ఇవ్వగలరు. పాత క్యాలెండర్లు ఉంటే వార్డెన్ మేడమ్ గారు పారెయ్యకుండా మాకు ఇప్పించవలసిందిగా మనవి.

— పదవ తరగతి విద్యార్థిని